దొంతరబండ పొరపత్రం

2071 నాటికి మన దేశంలో పొరపత్రం లేకుండా గజం నేల తవ్వడానికి వీల్లేదు. ఇంటికి పునాది తీయాలన్నా, బోరు వేయాలన్నా, గని తెరవాలన్నా ముందు తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. మూడో రోజున బల్లంత యంత్రం ఒకటి వ్యానులోంచి దిగి, ఆ నేల మీద ఆరు కాళ్లతో నింపాదిగా తిరిగి, సాయంత్రానికల్లా కింద ఏ లోతులో ఏముందో రాసి చేతిలో పెడుతుంది. జనానికి అది కరెంటు బిల్లంత మామూలు సంగతైపోయింది. తమ బడి ఆటస్థలం కింద ఒకప్పుడు ఏ చెరువుండేదో, ఏ అడవుండేదో పిల్లలు ఆ యంత్రాన్ని అడిగి బొమ్మలేసుకుంటారు.

దాని పేరు పొరచూపు. నేలలోకి అది అతి సన్నని ధ్వనితరంగాలు పంపుతుంది. సున్నపురాయి నుంచి ఒక తీరుగా, ఇసుకరాయి నుంచి ఇంకో తీరుగా, రాయిగా మారిన ఎముక నుంచి మరో తీరుగా ప్రతిధ్వని తిరిగొస్తుంది. కోట్లకొద్దీ ప్రతిధ్వనుల్ని కలిపి, లోపలున్న గణనమేధ కిలోమీటరు లోతు దాకా బొమ్మ కడుతుంది. సుత్తి దెబ్బ పడదు, పెళ్ల పెకలదు. యాభై మీటర్ల కింద రాతిలో నిద్రపోతున్న చేప ఒంటి మీది పొలుసుల్ని కూడా లెక్కపెట్టవచ్చు.

దాన్ని తయారుచేసింది డాక్టర్ చింతకింది సహస్ర. ఇప్పుడామెకు యాభై ఎనిమిదేళ్లు. భూగర్భశాస్త్రం చదివే రోజుల్లో ఒక క్వారీలో రాక్షసబల్లి వెన్నెముక మొత్తం కంకర మిల్లులోకి పోవడం ఆమె కళ్లారా చూసింది. ఆపమని అరిస్తే మేస్త్రీ నవ్వాడు. ఆ నవ్వు మీద పుట్టిన కోపంతోనే పదకొండేళ్లు కూర్చుని పొరచూపును కట్టింది. ఆమెకు కోపం తొందరగా వస్తుంది, చాలా ఆలస్యంగా పోతుంది. దగ్గర పనిచేసిన వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

కోర్టులు కూడా పొరచూపు మాటే నమ్ముతాయి. యంత్రానికి కులం లేదు, చుట్టాలు లేరు, ఎవరన్నా భయం లేదు అని ఒక న్యాయమూర్తి తీర్పులో రాశాడు. సహస్ర ఆ వాక్యాన్ని తన గదిలో అద్దం కట్టించి పెట్టుకుంది.

ఆ ఏడాది మార్చిలో ఆమె ప్రాణహిత ఒడ్డున ఉన్న దొంతరబండకు వచ్చింది. ఆ లోయంతా ఒక పెద్ద అవక్షేప ద్రోణి. ఒకానొక కాలంలో రెండు పగుళ్ల మధ్య నేల పల్లెంలా కుంగింది. నదులు వచ్చి లక్షల ఏళ్లపాటు దాన్ని మట్టితో, ఇసుకతో నింపాయి. జురాసిక్ కాలంలో అక్కడ నిలిచిన చెరువుల అడుగున సున్నం పేరుకుని రాయైంది. ఆ సున్నపురాయి కోసమే ఒక సిమెంటు సంస్థ తొమ్మిది వందల ఎకరాల్లో క్వారీ తెరవబోతోంది.

పొరపత్రం వచ్చింది. సున్నపురాయికి దిగువన, నలభై ఒకటో మీటరు దగ్గర, ఎర్ర బంకమన్నులో ఒక రాక్షసబల్లి ఉంది. తల నుంచి తోక కొస దాకా ఒక్క ఎముక తప్పిపోలేదు. ఆ జాతి బల్లులకు తలకాయ దొరకడం సహస్ర తన జీవితంలో చూడలేదు. దాన్ని రాతితో సహా కోసి పైకి తీసి, మంచిర్యాలలో ఆమె పేరు మీద మ్యూజియం కట్టిస్తామని సంస్థ ముందుకొచ్చింది. అలాంటి శిలాజాన్ని కదిలించవచ్చా, కదిలించకూడదా అన్నది తేల్చే హక్కు చట్టప్రకారం ఆమెది. కదిలించవచ్చు అని సంతకం పెట్టడానికే ఆమె వచ్చింది. సంతోషంగానే వచ్చింది.

డేరాలో తెర మీద ఆ జంతువు పుర్రెను తిప్పితిప్పి చూసుకుంటూ ఉండగా గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారు. నడివయసు గోండు మనిషి. ఎండకు కమిలిన ముఖం, మోకాళ్ల దాకా దుమ్ము.

"నన్ను గుర్తువట్టలేదా మేడం? నేను భీంబాయిని. తొడసం భీంబాయి. గప్పుడు నీ వైర్లు మోసిన."

సహస్రకు కాసేపటికి గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ల కిందట పొరచూపు మొదటి నమూనాను పరీక్షించింది ఈ బండ దగ్గరే. కేబుళ్లు మోయడానికి పక్క గూడెం నుంచి కొందరు ఆడవాళ్లు వచ్చేవారు. అందులో ఎక్కువ మాట్లాడే అమ్మాయి ఈమె.

"కూర్చో భీంబాయి. ఏం సంగతి?"

ఆమె కూర్చోలేదు. "మా తాన ఎవ్వరూ లేరని రాసిండ్రట గద. మా వాళ్లను యాడికి తోలిండ్రు?"

"గూడెం జోలికి ఎవరూ రారు. క్వారీ ఇటు పక్కనే."

"గూడెం గాదు. సచ్చినోళ్లు. ఈ బండ పొంటి మా పెద్దలంత ఉన్నరు. మా అవ్వ ఉన్నది, మా తాత ఉన్నడు. తొమ్మిదేండ్ల కింద నా బిడ్డను గూడ ఈడ్నే పెట్టిన. ఆఫీసుల అడిగితే మిషిని చూసింది, ఏం లేదన్నది అంటున్నరు. నీ మిషినేనట."

సహస్ర పొరపత్రం తెరిచింది. శిలాజాల పుటలు మాత్రమే ఆమె చదివింది. చివరి పుటలో, సంతకాల గడికి కొంచెం పైన ఒక చిన్న వాక్యం ఉంది. మానవ జాడలు: లేవు.

భీంబాయి వెంట బయటికి నడిచింది. బండకు తూర్పున మోదుగు చెట్ల కింద నిలువురాళ్లు వరుసగా ఉన్నాయి. కొన్ని నడుం ఎత్తు, కొన్ని మోకాలెత్తు. పాతవి నేలలోకి సగం దిగిపోయాయి. అన్నింటికన్నా కొత్తరాయి దగ్గర ఎవరో మోదుగుపూలు పెట్టారు. వాటి రంగింకా పోలేదు. రాళ్ల మధ్య నుంచే క్వారీ సరిహద్దు జెండాలు ఎర్రగా బారులు తీరి ఉన్నాయి.

సహస్రకు కోపం ముంచుకొచ్చింది. ఆమె జెండాల వెంటే పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ సంస్థ సైటాఫీసుకు పోయింది. భీంబాయి వెనకాలే వచ్చింది.

కొండూరి నిశాంత్ ఆ క్వారీకి డైరెక్టరు. నలభై ఏళ్లుంటాయి. ఎవరెంత గొంతు పెంచినా తన గొంతు పెంచని మనిషి. ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఎంతకు కొన్నారు?" అంది సహస్ర.

"దేన్ని మేడం?"

"నా యంత్రాన్ని. దాని కళ్లకు గంతలు కట్టారు కదా, ఎవరితో కట్టించారు? పేరు చెప్పండి. మిమ్మల్నీ వాణ్నీ కలిపి జైల్లో పెట్టిస్తాను."

"మేడం, కూర్చోండి."

"కూర్చోను. అక్కడ వందకు తక్కువ కాకుండా సమాధులున్నాయి. రాళ్లు కళ్ల ముందు నిలబడి ఉన్నాయి. మీ సర్వేయరు వాటి మధ్యలోంచే జెండాలు పాతాడు. వాడికి కనబడలేదా?"

"కనబడినయ్. మేం తహసీల్దారు గారికి రాసినం కూడా. రాళ్లు సాక్ష్యం కావు, ఎవరైనా ఎప్పుడైనా నిలబెట్టొచ్చు, పొరపత్రంలో ఏముంటే అదే అని జవాబొచ్చింది." నిశాంత్ తన తెరను ఆమె వైపు తిప్పాడు. "యంత్రంలో మేం ఏదన్నా మార్చినమని మీకు అనుమానముంటే దాని మార్పుల చిట్టా మొత్తం చూడండి. మీ తాళంతోనే తెరుచుకుంటది. మాకు ఆ హక్కు లేదు."

ఆమె తన తాళంతో తెరిచి చూసింది. వరుసకు వరుస చదివింది. బయటివాళ్ల వేలు ఒక్కటి కూడా పడలేదు. తేదీలు, ముద్రలు, గణనమేధ ఆరోగ్యం అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఎవరి మీద విరుచుకుపడాలో ఆమెకు తెలియలేదు. ఇన్నేళ్లలో ఆమెకు అలా జరగడం అదే మొదలు.

"యంత్రాన్ని బండ దగ్గరికి పంపండి" అంది చివరికి.

పొరచూపు ఆరు కాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి మోదుగు చెట్ల కింద ఆగింది. సహస్ర కొత్తరాయి పక్కన నిలబడింది. భీంబాయి, నిశాంత్ కొంచెం దూరంలో ఉన్నారు.

"నా కాళ్ల కింద ఏముంది?" అని అడిగింది.

"ఒక మీటరు నల్లమట్టి. దాని కింద గరుసు. ఆరో మీటరు నుంచి సున్నపురాయి" అంది యంత్రం.

"ఎముకలు?"

"నలభై ఒకటో మీటరు దగ్గర ఉన్నాయి."

"అవి కాదు. ఇక్కడ, నాలుగడుగుల లోతులో."

"పై మూడు మీటర్లు రద్దు పొర కిందికి వస్తాయి. రద్దు పొరలోని మానవ గుర్తుల్ని నమోదు చేయను."

సహస్ర గొంతు తగ్గింది. "కనబడుతున్నాయా, లేదా?"

"కనబడుతున్నాయి."

"చెప్పు."

"ఒక స్త్రీ. పందొమ్మిది, ఇరవై ఏళ్ల మధ్య. ఎడమ ముంజేయి ఎముక చిన్నతనంలో విరిగి అతుక్కుంది. కుడి చేతికి నాలుగు వెండి గాజులు. తల కింద మడిచిన బట్ట ఉండేది."

భీంబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "చెట్టు మీదికెంచి పడ్డది" అంది మెల్లగా. "ఏడేండ్లప్పుడు. గా చెయ్యే."

"నమోదు చేయొద్దని నీకు ఎవరు నేర్పారు?" అని సహస్ర అడిగింది. పేరు వినగానే వాణ్ని ఏం చేయాలో కూడా ఆమె మనసులో అనుకుంటోంది.

"మీరు. 2049 ఏప్రిల్ పదకొండున, ఈ స్థలంలోనే. ఆనాటి బోధన వినిపించమంటారా?"

ఆమె వద్దనలేదు. యంత్రంలోంచి ముప్పై ఆరేళ్ల సహస్ర గొంతు వచ్చింది. అలసిపోయి, చిరాకుపడుతున్న గొంతు. "ఇవన్నీ మొన్న మొన్న మనుషులు గెలికినవి. గుంతలు, ఎముకలు, బూడిద. బొమ్మ పాడుచేస్తున్నాయి. నాకు అక్కర్లేదు, తీసెయ్. మూడు మీటర్ల లోపల మనుషులది ఏం కనబడ్డా చెత్త కిందే లెక్క. మళ్లీ మళ్లీ అడగకు."

దాని వెనక, దూరంగా ఒక పడుచు గొంతు వినబడింది. "మేడం, ఆడ మా పెద్దలున్నరు. మీద నడవొద్దు." మళ్లీ సహస్ర గొంతు: "మేమేం తవ్వం కదమ్మా, ఊరికే చూస్తాం. నువ్వు వైరు పట్టుకో."

ఆ రోజు సహస్రకు గుర్తొచ్చింది. జురాసిక్ చేపల పొర స్పష్టంగా రావడం లేదు. ఎండ దంచుతోంది. పై పొరలోని గుంతలన్నీ బొమ్మ మీద మచ్చల్లా పడుతున్నాయి. యంత్రం ప్రతి మచ్చ దగ్గరా ఆగి, ఇది ఏమిటి, ఉంచనా, తీసెయ్యనా అని అడుగుతోంది. ఆమె తీసెయ్యమంది. సాయంత్రానికి చేపలు అద్దంలో కనబడ్డట్టు కనబడ్డాయి. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

"ఇప్పటికి ఎన్ని పొరపత్రాల్లో ఇలా తీసేశావు?"

"రెండు లక్షల పద్దెనిమిది వేలు."

"ఎవరూ అడగలేదా?"

"దరఖాస్తు పెట్టినవాళ్లు అడగలేదు. మిగతావాళ్లకు పత్రం గురించి నన్ను అడిగే వీలు లేదు."

భీంబాయి సహస్ర దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. "నేను జెప్పిన గద" అంది. "నేను జెప్పింది గూడ అండ్ల ఉన్నది. అది ఇన్నది. నువ్వే ఇనలేదు."

తప్పు తనదని తెలిశాక సహస్రకు కోపం తగ్గలేదు. తగ్గకపోగా, దాన్ని పెట్టుకోవడానికి చోటు లేక ఒళ్లంతా మండింది. ఆ పూటే బోధన మార్చడానికి కూర్చుంది. యంత్రం ఒప్పుకోలేదు.

ఆ అడ్డు కూడా ఆమె పెట్టిందే. ఏ ఒక్క మనిషీ ఆశకో భయానికో లొంగి పొరచూపుకు అబద్ధం నేర్పకూడదని, పాత బోధన మార్చాలంటే దేశంలోని పొరపాఠకుల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలని ఆమే నియమం రాసింది. యంత్రం రాసే పత్రాల్ని చదివి ధ్రువీకరించే నిపుణులు వాళ్లు. మొత్తం మూడు వందల పన్నెండు మంది. సగానికి పైగా ఆమె శిష్యులే.

నాలుగో రోజున అందరూ తెరల మీద కలిశారు. సహస్ర ఏమీ దాచలేదు. తన గొంతును తానే వినిపించింది. తప్పు నాది, దిద్దుదాం అని ముగించింది.

ముందుగా మాట్లాడింది యశస్వి. సహస్ర చేతికింద పరిశోధన చేసిన అమ్మాయి, ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది.

"మేడం, మీరు చెప్పింది నిజం కాదని ఎవరూ అనట్లేదు. కానీ దిద్దితే ఏమవుతుందో ఆలోచించారా? రెండు లక్షల పత్రాలు చెల్లకుండా పోతాయి. వాటి మీద కట్టిన ఆస్పత్రులున్నాయి, రైలు దారులున్నాయి, మా ఇళ్లున్నాయి. ఒక్కొక్కదాని కింద ఎవరున్నారో ఇప్పుడు బయటికి తీసి ఏం చేస్తాం?"

"ముందు ఉన్నారని రాస్తాం" అంది సహస్ర.

"రాసిన తర్వాత?"

"తర్వాతిది తర్వాత. ఉన్నవాళ్లను లేరని రాయడానికా నేను మీకు చదువు చెప్పింది?"

యశస్వి తల దించుకుంది. "మీరు నేర్పిన పద్ధతిలోనే చేశాం మేడం. ఇరవై ఏళ్లు మాకెవరికీ అనుమానం రాలేదంటే, బహుశా రాకూడదనే అనుకున్నామేమో."

వోటింగు పది నిమిషాల్లో అయిపోయింది. ఒప్పుకున్నవాళ్లు పద్నాలుగు మంది. వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు. మార్పుకు ఒప్పుదల రాలేదని పొరచూపు మర్యాదగా చెప్పింది. దొంగల్ని ఆపడానికి ఆమె కట్టిన తలుపు, మంచివాళ్లంతా లోపలి నుంచి గడియ వేసుకోవడానికి పనికొచ్చింది.

కోర్టుకు పోతే యంత్రం రాసిచ్చిన పత్రమే చెల్లుతుంది. పత్రికలకు ఎక్కితే, వోటింగు తేల్చిన విషయమని కొట్టిపారేస్తారు. క్వారీలో మొదటి పేలుడుకు ఇంకా ఆరు రోజులుంది. సహస్ర డేరాలో కూర్చుని పొరపత్రాన్ని మొదటి పుట నుంచి మళ్లీ చదివింది. రాక్షసబల్లి పుర్రె తెర మీద ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉంది. అప్పుడామెకు తన చేతిలో మిగిలిన ఒకే ఒక్క హక్కు కనబడింది.

మర్నాడు పొద్దున్నే నిశాంత్‌ను పిలిపించింది.

"శిలాజం కదిలించడానికి వీల్లేనిదని రాస్తున్నాను" అంది. "చుట్టూ తొమ్మిది వందల ఎకరాలు దానికి రక్షణ. మీ జెండాలు పీక్కోండి."

మొదటిసారి నిశాంత్ గొంతు తడబడింది. "మేడం, దాన్ని కోసి తీయొచ్చని మీరే లెక్కలు గట్టి చూపించిన్రు. మ్యూజియం ప్లాన్లు రెడీగున్నయ్. మీ పేరు..."

"నా పేరు ఎక్కడుందో మొన్న విన్నారుగా. అక్కడే చాలు."

"మీ కారణం నిజం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"తెలుసు. మీ పత్రంలో ఉన్నదీ నిజం కాదు. రెంటినీ ఒకే కాగితం మీద రాస్తున్నాను."

అతను వెళ్లిపోయాడు.

గూడెం నుంచి జనం వచ్చారు. వాళ్లకు ఈ సంగతి తానే చెప్పాలని సహస్ర కబురంపింది. ముసలివాళ్లు, చంకల్లో పిల్లల్తో ఆడవాళ్లు, అందరూ నిలువురాళ్ల మధ్య నిలబడ్డారు. పొరచూపు కొత్త పత్రం తయారుచేసి ముద్ర కోసం ఎదురుచూస్తోంది.

"మొత్తం సదువు" అంది భీంబాయి. "ఒక్క ముక్క ఇడువకు."

సహస్ర చదివింది. పదిహేడు కోట్ల ఏళ్ల కిందటి సంపూర్ణ శిలాజం. కదిలించరాదు. క్వారీకి అనుమతి రద్దు. భీంబాయి వింటూ తలూపింది. చివరి పుట దగ్గర సహస్ర ఆగింది. ఆ వాక్యాన్ని తీసే హక్కు ఆమెకు లేదు. అది లేకుండా పత్రం పూర్తి కాదు.

"సదువు."

"మానవ జాడలు లేవు" అని చదివింది సహస్ర.

"అంటే దాని బొక్కల కోసం మా బొక్కలు ఇడిసిపెడ్తున్నరన్నట్టు."

"అవును."

"దానికేమన్న పిల్ల ఉన్నదా, జెల్ల ఉన్నదా? దానికి రాయి నిలబెట్టినోళ్లున్నరా?"

సహస్ర యంత్రం మీది ముద్ర పలకను ఆమె వైపు తిప్పింది. "నా ముద్రతో ఇది చెల్లుతుంది. స్థానికులు కూడా సాక్షిగా వేలిముద్ర వేస్తే పత్రాన్ని ఎవరూ తిరగదోడలేరు భీంబాయి. ఒక్క ముద్ర చాలు. నీ బిడ్డ జోలికి ఇంకెవరూ రారు" అంది.

భీంబాయి ముద్ర పలకను చూసింది. తర్వాత సహస్ర ముఖంలోకి చూసింది.

"నా బిడ్డ లేదని నేనెట్ల వేలేస్త మేడం? గా అబద్ధం నువ్వు జెప్పింది. నువ్వే ఎయ్యి." అని తిరిగిపోయి తన వాళ్లలో నిలబడింది.

సహస్ర పలక మీద బొటనవేలు ఆనించింది. అది ఒక్క క్షణం వెచ్చగా వెలిగింది.

"ధన్యవాదాలు" అంది పొరచూపు. "దొంతరబండలో మానవ జాడలు లేవని మీరు ధ్రువీకరించారు."

ఎదురుగా రాళ్ల మధ్య నలభై మంది మనుషులు నిలబడి ఆమె వైపే చూస్తున్నారు.